నాయనమ్మ భుజం మీద చెయ్యి

డిసెంబర్ 26

క్రిస్మస్ ఫోటో ఇవాళ పూర్తి చేసి అమ్మకిచ్చాను. ఈ పని ఏటేటా కష్టమవుతోంది. తీయడం కాదు, తీశాక చేసేది.

తీయడానికేముంది. ఇరవై నాలుగున ఎండ దిగకముందే అందరం వాకిట్లో బాలయేసు పాక ముందు చేరతాం. కెమెరా స్టాండు మీద పెట్టి, టైమర్ నొక్కి, పరిగెత్తుకొచ్చి నేనూ దూరతాను. కుర్చీలో నాయనమ్మ, ఆవిడ వెనక నాన్న, ఒక పక్క అమ్మ, ఆ పక్కన మా తమ్ముడి పెళ్లాం యెసేనియా. అమ్మకీ యెసేనియాకీ మధ్య మనిషి పట్టేంత ఖాళీ. మొన్న యెసేనియా చలికి కాస్త దగ్గరికి జరిగితే అమ్మ మోచేత్తో ఒక్కటి పొడిచి, అంత మీదికొచ్చేస్తే వాడెక్కడ నిలబడతాడే అంది. యెసేనియా నవ్వబోయి మానేసింది.

ఆ ఖాళీలో నేను మా తమ్ముడు ఎఫ్రాయిన్‌ని పెట్టాలి. వాడు కనపడకుండా పోయి మూడేళ్లు కావస్తోంది. పికప్‌లో స్ట్రాబెర్రీ పెట్టెలు వేసుకుని సెలాయా మార్కెట్‌కని బయల్దేరాడు. బండీ తిరిగి రాలేదు, వాడూ రాలేదు. డబ్బులడుగుతూ ఎవరూ ఫోన్ చెయ్యలేదు. పోలీసులు రాసుకున్నారు, అంతే. ఈ చుట్టుపక్కల ఇలాంటి ఇల్లు వీధికొకటి ఉంటుంది. మాదేం వింత కాదు.

మొదటి ఏడు వాణ్ణి పాత ఫోటోలోంచి కత్తిరించి పెట్టాను. అమ్మ ముద్దు పెట్టుకుంది. రెండో ఏడూ అదే పెడితే, నా కొడుక్కి ఇంకో చొక్కా లేదా, నీకు చేతనైంది ఇదేనా అని దులిపేసింది. చొక్కా మార్చాను. ఈ ఏడు కొత్త కోరిక. వాడికి ముప్పై మూడొచ్చాయి, మీ నాన్నకి ఆ వయసుకే చెంపలు నెరిశాయి, కాస్త నెరుపు వెయ్యి అంది. వేశాను. బ్రష్ సన్నం చేసి చెవుల దగ్గర ఒక్కో వెంట్రుకా తెల్లబరిచాను.

ప్రింట్ చేతికిస్తే చాలాసేపు చూసింది. చిక్కిపోయాడు, ఎక్కడ ఏం తింటున్నాడో అంది.

నేను వాణ్ణి సన్నం చెయ్యలేదు. నెరుపు తప్ప ఇంకేమీ ముట్టుకోలేదు.

జనవరి 6

ముగ్గురు రాజుల పండగ. అమ్మ తన పెద్ద ఆల్బమ్ తీసి క్రిస్మస్ పేజీ అంటించింది. చుట్టూ ఎర్ర రిబ్బను, మూలల్లో నక్షత్రాలు, వెండి పొడి. ఆ వెండి పొడి పండగ రొట్టె మీద కూడా పడింది. పండగకో పేజీ, కాలానికో పేజీ. వానలు మొదలైన రోజు, స్ట్రాబెర్రీ మొదటి కోత, అమ్మల రోజు, అన్నిట్లో ఎఫ్రాయిన్ ఉంటాడు. సగం పేజీల్లో ఉన్నవాడు నేను చేసినవాడు.

ఆల్బమ్ నాన్న ముందుకి తోస్తే, కళ్లజోడు ఎక్కడ పెట్టానో అని లేచి వెళ్లిపోయాడు. కళ్లజోడు నెత్తి మీదే ఉంది.

ఫిబ్రవరి 2

నా ఫోటో షాపులో ఊపిరాడలేదు. ఇవాళ మా ఇరపువాతో ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ తమ బాలయేసు బొమ్మకి కొత్త బట్టలు వేసి చర్చికి తీసుకెళ్తారు. సగం మంది మధ్యలో నా షాపులో ఆగి ఫోటో తీయించుకుంటారు. డాక్టరు కోటు వేసిన యేసు, ఫుట్‌బాల్ చొక్కా వేసిన యేసు. ఒకావిడ తన బొమ్మ బుగ్గ మీద పెచ్చు ఊడిందనీ, అది ఫోటోలో తీసెయ్యమనీ, తన మెడ ముడతలు కూడా పన్లో పని తీసెయ్యమనీ అడిగింది.

సాయంత్రం మొక్కజొన్న పిండి తమాలెలు తింటూ నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను పోయాక పోయినవాళ్ల పండగకి పీఠం మీద నవ్వే ఫోటో పెట్టవే, మిగతా అన్నిట్లో బాకీ వసూలుకి వచ్చినదానిలా ఉంటాను, అవి చూస్తే నేనే ఇంటికి రాను అంది. అందరం నవ్వాం.

నవ్వే ఫోటో ఒకటే ఉంది. ఎఫ్రాయిన్ మాతో ఉన్న ఆఖరి క్రిస్మస్‌ది. వాడు కుర్చీ వెనకనించి వంగి, నాయనమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి, చెంపకి చెంప ఆనించి చెవిలో ఏదో బూతు చెప్పాడు. ఆవిడ పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది. ఆ బూతేమిటో ఇద్దరూ మాకు చెప్పలేదు.

మార్చి 19

నాయనమ్మ పోయింది. తెల్లవారి కాఫీకి పిలిస్తే పలకలేదు. నిద్రలోనే.

మార్చి 28

తొమ్మిది రోజుల జపాలూ అయ్యాయి. ఆఖరి రోజు నాన్న నాయనమ్మ పేరున నేల మీద సున్నప్పొడితో వేసిన శిలువని ఆనవాయితీ ప్రకారం ఎత్తుతూ ఒక్కసారిగా కూలబడ్డాడు. ఏడుపు తల్లి కోసమే అనుకున్నాం అందరం. లేపబోతే, మా అమ్మకి ఇన్ని చేశాం, వాడికి ఒక్క దీపం పెట్టామా అని గొణిగాడు. అమ్మ వినలేదు. లేదా విననట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది. మా అమ్మకి వినపడనిది ఈ ఇంట్లో ఏదీ లేదు.

మే 10

అమ్మల రోజు. గులాబీల బ్యాక్‌డ్రాప్ ముందు పొద్దున్నించీ తల్లులే తల్లులు. మా అమ్మ మాత్రం కనపడకుండా పోయిన పిల్లల్ని వెతికే తల్లులతో కలిసి ఊరేగింపుకి పోయింది. మెడలో నేను ప్రింట్ చేసిన ఎఫ్రాయిన్ బొమ్మ, చేతిలో ఇనప చువ్వ. ఆ చువ్వ ప్రతి శనివారం పొలాల్లో, కాలవ గట్ల మీద భూమిలోకి దింపుతుంది. బయటికి లాగి, కింద శవముందేమోనని కొసని వాసన చూస్తుంది. మొదట్లో నేనూ ఒకసారి వెళ్లాను. మళ్లీ వెళ్లలేదు. అందుకు నేనిప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మధ్యాహ్నం యెసేనియా వచ్చి స్టూలు మీద కూర్చుంది. ప్యాకింగ్ షెడ్డులో సూపర్‌వైజర్ కాఫీకి పిలిచాడట. నేను పెళ్లైనదాన్ని అని చెప్పిందట. చెప్పి, బాత్రూంలోకి పోయి ఏడ్చిందట. వదినా, విధవలా నల్ల బట్టలు కట్టుకుందామంటే అత్తయ్య చంపేస్తుంది, రంగు బట్టలు కట్టుకుంటే వీధి చంపేస్తుంది, నేనెవర్ని చెప్పు అంది. నేను ఒక ఫ్రేము అద్దం తుడుస్తూ కూర్చున్నాను.

ఆగస్టు 17

అమ్మ వాళ్లకి ఎండిపోయిన కాలవ పక్కన ఏదో దొరికింది. ఎవరో ఫోన్ చేసి చోటు చెప్పారట, పేరు చెప్పలేదట. చువ్వ దింపిన మూడు నాలుగు చోట్లా వాసనొచ్చింది. అధికారులొచ్చి పసుపు టేపు కట్టి, తల్లులందర్నీ అవతలికి పొమ్మన్నారు. కనిపెట్టింది మేం, పొమ్మనేది మీరా అని మా అమ్మ వాళ్లతో పోట్లాడిందని పక్కింటావిడ వచ్చి చెప్పింది.

అమ్మ ఇంటికొచ్చి చువ్వ కడిగి గోడకి ఆనించింది. అన్నం ముట్టలేదు. ఎముకలు, ఎవరివో, చిన్నచిన్న ముక్కలు అని మాత్రం అంది. అమ్మ నోట్లోంచి డీఎన్ఏ నమూనా ఎప్పుడో తీసుకున్నారు. ల్యాబ్ చెప్పేదాకా చేసేదేం లేదు.

ఆగస్టు 30

ఏ కబురూ లేదు.

అక్టోబర్ 9

నా అసలు సీజన్ మొదలైంది. మిగతా ఏడాదంతా నేను ఫోటోగ్రాఫర్ని. అక్టోబర్‌లో మాత్రం బతికున్నవాళ్లనీ పోయినవాళ్లనీ విడదీసేదాన్ని. నవంబర్ మొదట్లో పోయినవాళ్ల పండగ, ఆ రెండు రోజులూ వాళ్లు ఇంటికొస్తారని పీఠం కట్టి, ఫోటో పెట్టి, ఇష్టమైనవీ నీళ్లూ ముందు పెడతాం.

ఎవరూ పోవడానికి ముందు ఒంటరిగా నిలబడి చక్కటి ఫోటో దిగరు. ఉన్న మంచి ఫోటో పెళ్లిలోనో బారసాలలోనో ఉంటుంది, పక్కన నలుగురు. ఆ నలుగురిలో బతికున్నవాళ్లు పండగ పీఠం మీదికి రాకూడదు. వస్తే వాళ్లకీ అటునించి పిలుపొస్తుందంటారు. చదువుకున్నవాళ్లం కదా, నమ్మం కదా అంటూనే ప్రతివాళ్లూ నా దగ్గరికొచ్చి జాగ్రత్తగా తీసెయ్యి అంటారు.

ఇవాళ దోన్యా ఎదువిహెస్ అనే పెద్దావిడ, పోయిన తన మొగుడి ఫోటో తెచ్చింది. ఆయన పక్కన ఆయన నేస్తం, ఇద్దరి చేతుల్లో బీరు. ఆ నేస్తమే ఆవిణ్ణి మోటార్‌సైకిల్ మీద దించాడు. నన్ను బాగా గీకెయ్యమ్మాయ్, ఒక్క బొటనవేలు మిగిలినా వచ్చే ఏడు నేనూ ఆ పీఠం మీదే అన్నాడు. ఆవిడ ఊరుకుందా. నువ్వు మాత్రం ఇక్కడుండి ఏం ఉద్ధరిస్తున్నావ్, బీరు సీసా మాత్రం ఉంచు తల్లీ, అది మా ఆయనది అంది. నవ్వలేక చచ్చాను.

వాళ్లు వెళ్లాక నాయనమ్మ ఫోటో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

అక్టోబర్ 14

అనుకున్నంతా అయింది.

నాయనమ్మకి ఇది మొదటి పండగ. ఫోటో పెద్దది చేసి ఫ్రేము కట్టాలి. నవ్వే ఫోటోయే కావాలని ఆవిడే అడిగింది. ఆ ఫోటోలో ఎఫ్రాయిన్ ఉన్నాడు. వాణ్ణి తీసేస్తే వాడు బతికున్నాడని చెప్పినట్టు. ఉంచితే పోయాడని చెప్పినట్టు. మూడేళ్లుగా మా ఇంట్లో ఎవరూ గట్టిగా అనని మాట ఇప్పుడు నా మౌసు మీదికొచ్చి కూర్చుంది.

పొద్దున నాన్న షాపుకొచ్చాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని గోడ మీది పెళ్లి ఫోటోలన్నీ చూశాడు. చివరికి, వాణ్ణి తీయకమ్మా అన్నాడు. మూడు పండగలు పోయాయి, ఊళ్లో ప్రతి చచ్చినవాడికీ గ్లాసుడు నీళ్లు పెట్టారు, నా కొడుక్కి ఎవరూ పెట్టలేదు, దాహంతో ఏ గుమ్మం ముందు నిలబడ్డాడో, మా అమ్మ పక్కన ఉంటే కనీసం ఆవిడ గ్లాసులో తాగుతాడు అన్నాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నాయనమ్మ పోయాక ఇదే మొదలు.

మధ్యాహ్నం అమ్మ. నాన్న వచ్చాడని ఎవరు చెప్పారో. గుమ్మంలోంచే మొదలుపెట్టింది. మీ నాన్న ముసలాడైపోయాడు, అలిసిపోయాడు, ఆయన అలిసిపోయాడని నా కొడుకుని చంపేస్తారా అంది. వాణ్ణి పూర్తిగా తీసెయ్యి, వేలు కూడా మిగలకూడదు, గోరు కూడా మిగలకూడదు, ఎక్కడో ఊపిరి పీల్చుకుంటున్నవాణ్ణి నువ్వు పీఠం ఎక్కించి చంపితే నేను నీ మొహం చూడను నెరేయిదా అంది. అమ్మ నన్ను పూర్తి పేరుతో పిలిచిందంటే అది బెదిరింపు కాదు, నిజం.

ఇద్దరికీ సరే అన్నాను. నేనెంత పిరికిదాన్నో.

అక్టోబర్ 18

వేరే ఫోటో వెతికాను. కంప్యూటర్ అంతా, ఫోన్ అంతా, అమ్మ పాత డబ్బాలంతా. ఆవిడ అన్నట్టే అన్నిట్లో బాకీ వసూలు మొహమే. ఒకదాంట్లో పెదవులు కాస్త పైకి లాగి చూశాను. నాయనమ్మ ముసుగేసుకున్న ఇంకెవరో అయిపోయింది. మూసేశాను.

అక్టోబర్ 20

యెసేనియా వచ్చింది. ఉంచమనీ అనలేదు, తీయమనీ అనలేదు. ఏది చేసినా ముందు నాకు చెప్పు వదినా, అందరి ముందు పీఠం మీద మొదటిసారి చూసేలా చెయ్యకు, అక్కడ నా మొహం ఎలా ఉంటుందో నాకే తెలీదు అంది. మాటిచ్చాను.

ఫైల్ తెరిచి ఉంటే జూమ్ చెయ్యమంది. ఎఫ్రాయిన్ చెయ్యి దగ్గర ఆగమంది. నాయనమ్మ కుడి భుజం మీద వాడి కుడి చెయ్యి, శాలువా నలిగేలా గట్టిగా పట్టుకుని. బొటనవేలి గోరు నల్లగా ఉంది. బండి వెనక తలుపు పడిందప్పుడు, నేనే మంచుగడ్డ పెట్టాను, చిన్నపిల్లాడిలా అరిచి వీధంతా పోగేశాడు అంది. ఆ గోరుని స్క్రీన్ మీద వేలితో తాకింది. నా స్క్రీన్ ఎవరు ముట్టుకున్నా నాకు ఒళ్లు మండుతుంది. ఇవాళ మండలేదు.

అక్టోబర్ 22

తీసేశాను.

అమ్మ మాట విన్నానని కాదు. నాన్న మాట తప్పనీ కాదు. తీసేశాక మళ్లీ పెట్టొచ్చు, ఒకసారి పీఠం మీద పెట్టాక తీయడం ఎలాగో నాకు తెలీదు. అందుకని.

పొద్దున్నించీ అదే పని. వేరే కస్టమర్లని రేపు రమ్మన్నాను. మొహం తీయడం తేలిక, వెనక గోడే కదా. చెంప ఆనిన చోట నాయనమ్మ బుగ్గ నొక్కుకుపోయి ఉంది, దాన్ని ఉబ్బించాలి. భుజం మీది శాలువాని ఇంకో ఫోటోలోంచి తెచ్చి అతికించాను. అరచెయ్యి పోయింది, వేళ్లు ఒక్కొక్కటే పోయాయి, నల్ల గోరు ఆఖరున. ఆ గోరుని రెండుసార్లు తీసి, రెండుసార్లు మళ్లీ తెచ్చాను. వాడు నా చేతిలోంచి జారిపోతున్నట్టు అనిపించి పైకే వాడి పేరు పిలిచాను. షాపులో ఎవరూ లేకపోవడం మంచిదైంది.

అయ్యాక చూస్తే అతుకు ఎక్కడా కనపడదు. కానీ నాయనమ్మ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎవరూ లేని వైపుకి ఒరిగి, ఎవరూ చెప్పని మాటకి పగలబడి నవ్వుతోంది.

అక్టోబర్ 23

యెసేనియాకి చెప్పాను. తల ఊపింది, అంతే.

నాన్న వచ్చి ఫ్రేము చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. బాగా చేశావమ్మా, చెయ్యి ఉన్నట్టే తెలీడం లేదు అని టోపీ పెట్టుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, అయితే ఈ ఏడు కూడా నీళ్లు లేవన్నమాట అన్నాడు.

అమ్మ భూతద్దంతో వచ్చింది. నిజంగానే భూతద్దంతో. భుజం మీద అంగుళం అంగుళం వెతికి, ఊఁ అంది.

అక్టోబర్ 27

పొద్దున్నే ఎక్కడికో పోయి అమ్మ మధ్యాహ్నం దాటాక వచ్చింది. బట్టలు చూస్తే చర్చికెళ్లినట్టు ఉన్నాయి, చర్చి ఏమీ లేదు ఇవాళ. ఎక్కడికెళ్లావంటే బంతిపూల ధర కనుక్కోవడానికి అంది. చేతిలో పువ్వు ఒక్కటి లేదు.

అక్టోబర్ 28

అమ్మ వంట చేసింది, బట్టలుతికింది, ఎవరితోనూ పోట్లాడలేదు. నాన్న నన్ను పక్కకి పిలిచి, ఒంట్లో బాలేదేమో చూడవే అన్నాడు.

అక్టోబర్ 30

షాపు తెరిచేసరికి అమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. లోపలికొచ్చి కస్టమర్ల స్టూలు మీద కూర్చుంది. వెనక క్రిస్మస్ బ్యాక్‌డ్రాప్ అప్పుడే వేలాడదీశాను, మంచూ పొయ్యీ ఉన్నది. ఆ మంచు ముందు కూర్చుని చెప్పింది.

ల్యాబ్ వాళ్లు శుక్రవారం, పూల ధరకని వెళ్లిన రోజు, పిలిచారట. నమూనా కలిసిందట. కాలవ పక్కన దొరికినవాటిలో కొన్ని ఎఫ్రాయిన్‌వట. కుడి చెయ్యి, మోచేతి కింది భాగం, కొన్ని వేళ్ల ఎముకలు. వాడివని తేలినవి అవే. ఇంకా తవ్వుతున్నారట. టమాటాల ధర చెప్పినట్టు చెప్పింది. అక్కడ టేబుల్ మీద పరిచి చూపించారు, చిన్న పెట్టె చాలు, నేను సంతకం పెట్టలేదు, అన్నీ దొరికాకే తీసుకుంటానన్నాను అంది.

నేను ఏడిచాను. అమ్మ ఏడవలేదు. నా తల నిమిరి, ఏడుద్దువులే, ముందు పని చూడు అంది. ఆ చెయ్యి తిరిగి పెట్టు అంది.

కళ్లు తుడుచుకుని, అసలు ఫైల్ అలాగే ఉందమ్మా, తమ్ముణ్ణి మొత్తం పెట్టేస్తాను, మొహంతో సహా, నాయనమ్మ పక్కనే అన్నాను.

అమ్మ స్టూలు మీంచి లేచింది. మొత్తం పెట్టమని నేనన్నానా అంది. దొరికినంత మటుకే పెట్టు అంది.

మౌసు వదిలేసి అమ్మ వైపు తిరిగాను. అమ్మే అందుకుంది. మిగతావాడు పోయాడని ఎవరు చెప్పారు, ల్యాబ్ వాళ్లు చెప్పలేదు, నేనడిగితే మాకు తెలీదమ్మా అన్నారు, తెలీదనే అన్నారు అంది. చెయ్యి లేకపోతే మనిషి బతకడా, మిల్లులో పనిచేసే మెలితోన్ చెయ్యి మెషీన్లో పడి పోలేదా, ఆ తర్వాత ఇద్దరు పిల్లల్ని కనలేదా అంది. అంటూ అంటూ నా మొహంలోకి చూసింది. అవును బతుకుతాడు అని నేననాలి. అన్నాను.

అప్పుడు కూర్చుంది. మీ నాన్నకి చెప్పు, నాకు చెప్పే ఓపిక లేదు, యెసేనియాకి ముందు చెప్పు, మీ నాన్నని నీళ్లు పెట్టుకోమను, ఆ చెయ్యి దాహంతో ఎందుకుండాలి అంది.

అక్టోబర్ 31

చెప్పాను. ముందు యెసేనియాకి, తర్వాత నాన్నకి. ఇక్కడ రాయలేను.

నవంబర్ 1

ఫ్రేము తెచ్చి పీఠం మీద పెట్టాను. బంతిపూలు, కొవ్వొత్తులు, నాయనమ్మకి మొక్కజొన్న జావ అతోలె, ఆవిడకిష్టమైన పొగాకు. ఫోటోలో నాయనమ్మ ఎప్పట్లాగే ఒక పక్కకి ఒరిగి నవ్వుతోంది. కుడి భుజం మీద ఒక చెయ్యి ఉంది. మోచేతి దగ్గరికి వచ్చేసరికి అది వెనక గోడ నీడలో కలిసిపోతుంది. అక్కడ ఎక్కువ కష్టపడ్డాను. తెగినట్టు కనపడకూడదు, నీడలోంచి వచ్చినట్టు ఉండాలి. గోరు నలుపు ఉంచాను.

పక్కింటివాళ్లు చూడ్డానికొచ్చారు. చెయ్యి ఎవరిది అని ఒకావిడ అడగబోయింది. ఇంకొకావిడ ఆమె శాలువా లాగింది.

యెసేనియా నల్ల బట్టలు కట్టుకోలేదు. కుడి చేతికి మాత్రం నల్ల రిబ్బను చుట్టుకుని వచ్చింది. అమ్మ ఆ రిబ్బను చూసింది. ముడి వదులైందే అని తనే బిగించి కట్టింది.

నాన్న గ్లాసు నిండా నీళ్లు తెచ్చి ఫోటో ముందు పెట్టాడు. నీళ్లు తొణికి బంతిపూల మీద పడ్డాయి. అద్దం మీద, ఆ చెయ్యి మీద తన రెండు వేళ్లు ఆనించాడు. తాగు నాయనా అన్నాడు. అమ్మ అడ్డం చెప్పలేదు. ఇంకాస్త దగ్గరికి జరపండి, అందాలి కదా అంది.

అప్పుడు ఏడ్చింది. మూడేళ్లది ఒకేసారి. మేం ముగ్గురం పట్టుకున్నాం.

నవంబర్ 4, శనివారం

అమ్మ చువ్వ తీసుకుని పోయింది. నేనూ వెళ్లాను.

డిసెంబర్ 24

ఫోటో తీశాను. అమ్మ ఈసారి ఖాళీ పక్కన కాదు, తన వెనక వదిలించింది. నెరుపు ఇంకాస్త వెయ్యి, వాణ్ణి నా వెనక నిలబెట్టు, వాడి కుడి చెయ్యి వైపు నా శాలువా కిందికి పోవాలి అంది.

నిలబెట్టాను. చెయ్యి కనపడదు.